విత్తన బంతి, చీపురుకట్ట

మా వీధి విద్యార్థులు కొందరు ఈ వారము నా యొద్దకు వచ్చి, పాపికొండల జాతీయ వనమున విత్తన బంతులు వెదజల్లి వత్తుమని చెప్పిరి. వారి ఉత్సాహమునకు మిక్కిలి సంతసించితిని, ఐనను ఈ శీర్షిక చదువువారు చిరకాలముగ నెరిగిన మాటయే నా నోట వెలువడెను: "నాయనలారా, ముందు మన బందరు కాలువలోని ప్లాస్టిక్కు తీయరాదా?"

"తాతగారూ, ఆ కాలువలో నీరు కొంత ఆ కొండల నుండి వచ్చినదే గదండీ" అని యొక బాలిక వినయముగ బదులు చెప్పినది.

ఆమె మాట సత్యము. 2015 మొదలు పట్టిసీమ కడ ఎత్తిపోసిన గోదావరి వరదనీరు, పోలవరము కుడికాలువ వెంట వచ్చి, ఇబ్రహీంపట్నము చేరువను కృష్ణలో గలిసి, ప్రకాశం బ్యారేజీ నుండి మన బందరు కాలువ మొదలగు కాలువల గుండ డెల్టా నారుమళ్లకు పారుచున్నది. ఆ గోదావరి పట్టిసీమ చేరుటకు ముందు పాపికొండల నడుమనే దిగివచ్చును. కాలువ బాగు వేరు, కొండ బాగు వేరు అని ఇక నే నెట్లనగలను?

వెళ్లుడంటిని, కాని విత్తనములతో వలదంటిని. 2008లో జాతీయ వనముగ ప్రకటింపబడిన ఆ అడవి, వేయి చదరపు కిలోమీటర్లకు పైబడినది, గాలిచేత, పక్షులచేత, ఎలుగుబంట్లచేత తన విత్తనములను తానే చల్లుకొనును. అచటిది కాని గింజను మనము విసరుట అపకారమే. మొలచినది బ్రతుకుటయే అక్కడ కష్టము, దానిని చంపునది వేసవి నిప్పు. ఇప్పపూలు రాలు కాలమున, ఏరుకొనుటకు నేల కనబడవలెనని చెట్టు క్రింది ఎండుటాకులను కాల్చుట కొండసీమలలో గల అలవాటు. గాలి తిరిగినచో ఆ మంట చెట్టు నీడతో నాగక కొండ నెక్కును, పెద్ద మ్రాకులు బెరడు మాడియు బ్రతుకును గాని నిరుటి మొలకలు బూడిదయగును. ఏరువారిని నిందించుట అన్యాయము. అది వారి జీవనాధారము, ఊడ్చుటకు చేతులు చాలకయే అగ్గిపుల్ల గీయుదురు. ఆ చాలని చేతులే మన పిల్లలు ఇయ్యదగినవి. అటవీశాఖ అనుమతితో, వనపు అంచు గూడెములలో, అచటి గిరిజనులైన కొండరెడ్ల ఇల్లాండ్రు చూపిన చెట్ల క్రింద ఆకులూడ్చుట, మంట దాటకుండ తీసి, శాఖవారు ఫైర్ లైన్లని పిలుచు బాటలను శుభ్రపరచుట: ఛాయాచిత్రమున అందగింపని ఈ పనికే సేవ యను పేరు తగును.

ఇప్పపూలు రాలు ఫాల్గుణము పరీక్షల కాలము గదా యని వారు సందేహించిరి. ఎన్.ఎస్.ఎస్. ఏడు దినముల శిబిరమును ఇప్పపూలు రాలుటకు ముందే కొండ దిగువ గూడెములకు మార్చి, ఆ చీపురు పనిని చదువులో భాగముగ లెక్కింపుడని కళాశాలల పెద్దలను ప్రార్థించుచున్నాను.