కణితి పుట్టుక దాకా వెనక్కి

1953లో అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ప్రయోగశాలలో, లెరాయ్ స్టీవెన్స్ ‘129’ జాతి చిట్టెలుక ఒకదానికి వృషణసంచి ఉబ్బి ఉండటం గమనించాడు. అతనికి అప్పగించిన పని సిగరెట్టులోని పదార్థాల పరీక్ష. కోసి చూస్తే టెరటోమా అనే కణితి. ఎముక, కండరం, నరాల కణజాలం అన్నీ కలగాపులగం. పొగాకుతో దానికి సంబంధం లేదు. పక్కన పడేసినా అడిగేవాళ్లు లేరు.

ఆ జాతి మగవాటిలో నూటికి సుమారు ఒకదానికే ఇది వస్తుంది. పైగా ఎదిగిన కణితి వండేసిన కూర లాంటిది, ఏ దినుసుతో మొదలైందో చెప్పదు. అందుకే స్టీవెన్స్ వెనక్కి నడిచాడు. కూనల వృషణాలు, తర్వాత తల్లి కడుపులోని పిండాలవి, పలుచని పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద వెతికాడు. పదిహేను రోజుల పిండంలోనే కణితి కణాల మొదటి గుంపు దొరికింది. 1964లో, వృషణం కాబోయే చిన్న గట్టును పన్నెండు పదమూడు రోజుల పిండాల నుంచి తీసి ఎదిగిన చిట్టెలుకల్లో నాటాడు. నాటినవాటిలో ఎక్కువ భాగం కణితులయ్యాయి. అరుదైనదాన్ని కావాలన్నప్పుడు పుట్టించగలిగాడు!

నాకు అన్నిటికన్నా నచ్చేది 1967 నాటి పని. ‘స్టీల్’ అనే జన్యులోపం రెండు ప్రతుల్లోనూ ఉన్న పిండాల్లో బీజకణాలు దాదాపు ఉండవు. వాటి గట్లు నాటితే కణితి రాలేదు, బీజకణాలున్న తోబుట్టువులవి నాటితే వచ్చింది. వీర్యకణాలు కావలసిన ఆ తొలి బీజకణాలే కణితికి మూలమని ఇంతకన్నా శుభ్రంగా ఎలా చూపిస్తారు?

మన దేశంలో వృషణ క్యాన్సర్ లక్షమంది మగవాళ్లకు ఏటా ఒకటి కూడా ఉండదు. ఇంత అరుదైన జబ్బుకు కుటుంబాల్లో జన్యువులు వెతకడం కష్టం; చిట్టెలుక విలువ అక్కడే. 2009లో వేలమంది జన్యువులు పోల్చిచూసినప్పుడు బలంగా బయటపడ్డది కిట్‌ఎల్‌జీ, అంటే స్టీల్ జన్యువుకు మనిషిలోని జోడీ. అయినా ఒక హద్దు చెప్పాలి: 129 కణితి పసిపిల్లల టెరటోమాకే దగ్గర, యువకుల్లో వచ్చే సెమినోమా అనే వృషణ క్యాన్సర్‌కు కాదు.

స్టీవెన్స్ 1973లో ‘టెర్’ అనే ఉపజాతిని వర్ణించాడు. అందులో దాదాపు మూడోవంతు మగవాటికి కణితులు. దానికి కారణమైన లోపం డీఎన్‌డీ1 జన్యువుదని 2005లో తేలింది. అదే లోపాన్ని వేరే జాతుల్లోకి తెస్తే చాలావాటిలో వంధ్యత్వమే వస్తుంది, కణితి రాదు. 129లో దానికి తోడు నిలిచే జన్యువులేమిటన్న వెతుకులాట 2005కు ముందే మొదలైంది.