వృద్ధపాత్రయు వృద్ధనటుడును

తెలుగు చలనచిత్రములందు వృద్ధపాత్రలకు లోటు లేదు. వృద్ధనటులకు తగిన పాత్రలకే లోటు. ఈ రెండింటిని ఒకటిగా భావించుటచే మన విమర్శలో పొరపాటు కలుగుచున్నది.

1962లో వెలువడిన ‘మహామంత్రి తిమ్మరుసు’ను పరిశీలింతము. తిమ్మరుసు పాత్రధారి గుమ్మడి వెంకటేశ్వరరావు 1927లో జన్మించినవారు. ఆయనను ‘అప్పాజీ’ యని పిలిచిన రాయల పాత్రధారి నందమూరి తారకరామారావు 1923లో జన్మించినవారు. పితృసముడైన మంత్రి రాజుకంటె నాలుగేండ్లు పిన్న! గుమ్మడి నటన ఉత్తమమైనదే. ఆహార్యముచే వయస్సును కల్పించుటయు రంగస్థలమునుండి వచ్చిన సత్సంప్రదాయమే. కాని దాని ఫలితమొకటి గమనింపదగినది. గొప్ప వృద్ధపాత్ర ముప్పదియైదేండ్లవానికి దక్కగా, నిజముగా వృద్ధుడైన నటునకు మిగులునది ఆశీర్వచనమో, మరణశయ్యయో. ‘త్యాగయ్య’ (1946)కు దర్శకత్వము వహించి, తానే త్యాగరాజుగా నటించిన చిత్తూరు నాగయ్య కడపటి దశలో చిన్న వేషములతో తృప్తిపడవలసివచ్చెను.

లోపము నటులలో లేదు, ఇతివృత్తములో కలదు. ‘సీతారామయ్యగారి మనవరాలు’ (1991) నాటికి అక్కినేని నాగేశ్వరరావునకు 66 ఏండ్లు. అందు కథను నడుపునది తాతగారి పట్టుదలయే. కొడుకుపై ఆయన పెంచుకొనిన కినుకను తొలగించినచో కథయే లేదు. శ్రీరమణ కథ ఆధారముగా తనికెళ్ల భరణి రూపొందించిన ‘మిథునం’ (2012)లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి పోషించిన వృద్ధదంపతులే సర్వస్వము.

కావున వృద్ధపాత్రను పరీక్షించుటకు ఒక ప్రశ్న చాలును: ఆ పాత్ర కోరునదేమి? కోరికయే లేని పాత్రకు ఎంతటి నటుడైనను ప్రాణము పోయజాలడు. చిత్రకథలను పరిశోధించువారు నటుని వయస్సునకు ముందు ఈ ప్రశ్నను చర్చించుట యుక్తము.