పేరులోని నిదానము

‘క్వాషియార్కర్’ అను మాటను 1935లో ‘లాన్సెట్’ వ్యాసము ద్వారా వైద్యలోకమునకు అందించినవారు సిసిలీ విలియమ్స్. గోల్డ్‌కోస్టులో, అనగా నేటి ఘానాలో, గా భాష మాట్లాడువారు పెట్టుకొన్న పేరది: వెనుక మరొక బిడ్డ పుట్టగా పెద్దబిడ్డకు వచ్చు జబ్బు. ఒళ్లు నీరుపట్టి, చర్మము పొరలుగా ఊడు ఈ వ్యాధికి కారణమును ఆమె మొక్కజొన్న గంజిలో వెదకిరి. తల్లులు చనుబాలు మానిన సమయమును పట్టుకొనిరి. పాలకు బదులేమి పెట్టవలెనో ఆ పేరు చెప్పదు, నిజమే. ఈ రెండింటిని ఒకచోట చేర్చుటయే వ్యాసము గొప్పతనము. తరువాతివారు పేరు నుంచుకొని అర్థమును విడిచిరి. మాంసకృత్తుల లోపమనిన చాలుననుకొనిరి. హైదరాబాదులోని పిల్లలను పరీక్షించి సి. గోపాలన్ 1968లో ప్రకటించినది వేరు: ఇంచుమించు ఒకే తిండి తిను పిల్లలలో కొందరు ఉబ్బిరి, కొందరు ఎండిపోయిరి. ఆ తిండిలో మాంసకృత్తులకంటె కేలరీల కొరతయే ముఖ్యముగా కనిపించినది.