మూడోసారి చదివితే...

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ని ఇప్పటికి మూడుసార్లు చదివాను.

మొదటిసారి ఉద్యోగ పరీక్ష కోసం. 1949లో వచ్చిందనీ, 1955లో తెలుగుకి తొలి సాహిత్య అకాడెమీ పురస్కారం దీనికే దక్కిందనీ, అప్పటికే రచయిత లేరనీ బట్టీ పట్టాను. పరీక్ష అయిపోయింది, పుస్తకం అటకెక్కింది.

పదేళ్ళ తర్వాత, ఏ అవసరమూ లేకుండా తీశాను. దాని గొప్పతనం అప్పుడు తెలిసింది. చరిత్ర అంటే రాజులూ యుద్ధాలే అనుకునే రోజుల్లో, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని అడిగారాయన. శాసనాలు చెప్పని సంగతుల్ని పాల్కురికి సోమన, శ్రీనాథుల రచనల్లో, క్రీడాభిరామంలో, శుకసప్తతిలో, హంసవింశతిలో వెతికారు. అలంకారాల కోసం మాత్రమే చదివే కావ్యాల్లో కూడూ గుడ్డా కనిపించడం నాకు పెద్ద ఆశ్చర్యం.

ఈమధ్య మూడోసారి చదువుతుంటే మాత్రం అడుగడుగునా ఆగాల్సి వచ్చింది. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు, పూటకూటి ఇల్లు కళ్ళకు కట్టినట్టుంటాయి, నిజమే. కానీ కాకతీయ రాజ్యం కూలింది 1323లో. కావ్యం ఆ తర్వాతది. అందులో కవి చూసిందెంత, విన్నదెంత, కల్పించిందెంత? అలాగే పలనాటి జొన్నకూడు మీద శ్రీనాథుడి పేరిట చెప్పుకునే చాటువులు. అవన్నీ ఆయనవేనని ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఆయనవే అనుకున్నా, అది వరి అన్నానికి అలవాటుపడ్డ అతిథి వెక్కిరింత. రోజూ ఆ కూడు తిన్నవాళ్ళు ఏమనుకున్నారో ఆ పద్యాల్లో దొరకదు. కావ్యాన్ని సాక్ష్యంగా తీసుకునేటప్పుడు చెప్పిందెవరు, ఎవరి గురించి, ఎవరి ముందు అని విడదీసి చూడాలి. ఆ జాగ్రత్త ఈ పుస్తకంలో అన్నిచోట్లా సరిపోయినంత లేదనిపించింది.

ఇంతమాత్రాన ప్రతాపరెడ్డి నా దృష్టిలో చిన్నబోలేదు. ‘మరి జనం మాటేమిటి?’ అని అడగడం నేర్పింది ఆయనే కదా. అదే ప్రశ్న ఆయన పుస్తకాన్నీ అడిగాను, అంతే. ఇరవయ్యేళ్ళప్పుడు అది అడిగే శక్తి నాకు లేదు. అప్పుడు అచ్చులో ఉన్నదల్లా నిజమే. చరిత్రని పరీక్షతోనే వదిలేసి ఉంటే, ఇప్పటికీ ఆ వెక్కిరింతనే పలనాటి చరిత్ర అనుకుంటూ ఉండేవాణ్ణి.