బొడిపెలు విడిచిన చక్రమా

నున్నని టైరూ, నల్లని టైరూ, ముఖాన ఒక్క గీతైనా లేనిదానా! తెల్లారగట్ల తారు రోడ్డెక్కి పనికి పోయేవాళ్లు మొక్కే దేవుళ్ల వరసలో నీకూ ఒక పీట వేయాలి. దసరాకు ఆయుధపూజ చేస్తాం. సైకిలు కడుగుతాం, బొట్టు పెడతాం, హ్యాండిలుకు బంతిపూల దండ కడతాం. పూలకేం కరువు లేదు. బంతి, చామంతి, గులాబీ పండించి హైదరాబాదులోని గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పంపే నేల ఈ మొయినాబాద్, చేవెళ్లలది. దండ హ్యాండిలుకు దక్కుతుంది. నీ వంతుకు చక్రం కింద పెట్టిన నిమ్మకాయ మిగులుతుంది. దాన్నీ నలిపేసి ముందుకు పోతావు. మనిషినీ, అతని టిఫిన్ డబ్బానూ, క్యారియరు మీది మూటనూ మోసేది నువ్వు. నేలకు ఆనేదీ నువ్వే, అదీ బొటనవేలంత మేర.

చిన్న మంగళారం లాంటి ఊళ్లలో ఏ వసారా చూసినా గోడకు ఆనించిన గేరు సైకిలు ఒకటి కనబడుతుంది. పిల్లాడు మారాం చేసి కొనిపించుకున్నది. లావు టైర్లు, వాటి నిండా బొడిపెలు, ముందు షాకప్పులు. పేరు మౌంటెన్ బైకు. తిరిగేది మాత్రం తారు మీద: మొయినాబాద్ కాలేజీకి, చేవెళ్ల మార్కెట్టుకు, ఫాంహౌసు తోటపనికి. తొక్కేవాడు చెమటలు కక్కుతుంటాడు, బొడిపెలు గురగురమని మూలుగుతుంటాయి, పక్కనుంచి పాలక్యాన్ల పాత సైకిలు తాపీగా దాటిపోతుంది. పిల్లాడు పెద్దవాడై మోటారు సైకిలు కొనుక్కుంటాడు, గేరు సైకిలు మీద తువ్వాళ్లు ఆరతాయి. ఆ సైకిలుకు మళ్లీ ప్రాణం పోసేది నువ్వు.

బొడిపెల తప్పు ఇందులో ఏమీ లేదు. అవి పుట్టిన చోటు వేరు. 1970లలో కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీలో, టమల్‌పయస్ కొండ చుట్టుపక్కల మట్టిబాటల మీద కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లను దూకించారు. 1976లో రీప్యాక్ అనే పందెం మొదలైంది. 1981లో స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైకు కర్మాగారంలో తయారై అంగట్లోకి వచ్చింది. మట్టి మెత్తన, అందులోకి దిగి పట్టుకోవాలంటే బొడిపె కావాలి. తారు మీద దిగడానికి చోటేది? బరువు పడగానే బొడిపె పక్కకు వంగుతుంది, బరువు తొలగగానే లేస్తుంది. వంగిన రబ్బరు లేచేటప్పుడు మనం పెట్టిన బలమంతా తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా మింగేస్తుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ, ప్రతి బొడిపె దగ్గరా ఇదే తంతు. పొద్దున తిన్న జొన్నరొట్టె బలం అలా బొట్టుబొట్టుగా రోడ్డు పాలవుతుంది.

బీటీ రోడ్డు మీద కూర్చుని అరచేత్తో తడిమి చూడండి. కంకర పలుకులు తారులోంచి తలలెత్తి గరగరలాడుతుంటాయి. పళ్లు రోడ్డుకే ఉన్నాయి, టైరుకు మళ్లీ పళ్లెందుకు? నువ్వు చేసేదల్లా ఆ పళ్ల సందుల్లోకి మెత్తగా ఒదిగిపోవడం. ఎదిరించకుండా, ఎక్కడా ఖాళీ మిగలకుండా, ఉన్న రబ్బరంతా రోడ్డుకు అప్పగించి దాన్ని పట్టుకుంటావు. తారు మీద ఇంతకు మించిన పట్టు ఇంకో టైరుకు లేదు.

నిన్ను ఎక్కించడం కూడా ఒక పూజే. అంకెలతో మొదలవుతుంది. 26 అంగుళాల మౌంటెన్ బైకు టైరు పక్కగోడ మీద 559 అని ఉంటుంది, 27.5కైతే 584, 29కైతే 622. రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోటి వ్యాసం అది, మిల్లీమీటర్లలో. పాలవాళ్ల 28 అంగుళాల సైకిలుకు 635. ఈ అంకె కలవకపోతే ఎంత ఖరీదు పెట్టినా టైరు కూర్చోదు. వెడల్పు విషయంలో మాత్రం నాకో పట్టుదల ఉంది. సన్ననిదైతే వేగమని అంగుళంపావుకు పోయేవాళ్లున్నారు. ఈ దారికి అంగుళమున్నరే తగినది. స్పీడు బ్రేకర్లు, అంచున విరిగిన తారు, టిప్పర్లలోంచి జారిపడిన కంకర... వీటన్నిటి మీదా రిమ్ము బతకాలంటే ఆ మాత్రం గాలి ఉండాలి.

పాతదాన్ని విప్పేటప్పుడు గాలంతా వదిలేసి, టైరు అంచును రెండు బొటనవేళ్లతో రిమ్ము నడిమి పల్లంలోకి నొక్కుకుంటూ చుట్టూ రావాలి. పల్లంలోకి దిగినకొద్దీ అంచు వదులవుతుంది, ఆ వదులంతా కూడి ఒక పక్కకు చేరుతుంది. అక్కడ లీవరు పెడితే పువ్వులా ఊడివస్తుంది. స్క్రూడ్రైవరు పెట్టి పెకిలించేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, ట్యూబుకు గాటు పడేది అక్కడే. ఊడాక రిమ్ము లోపల వేలు పెట్టి చుట్టూ తడమాలి. పుల్లల తలల్ని కప్పే పట్టీ పక్కకు జరిగితే సరిచేయాలి. లావు టైరులోని ట్యూబునే నీలో కుక్కితే మడత పడుతుంది, మడత పడ్డచోటే చిరుగుతుంది. నీకు తగ్గ ట్యూబు నీకు కావాలి.

పక్కగోడ మీద బాణం ఉంటే అది చక్రం తిరిగే దిక్కు. ఒక అంచు ఎక్కించి, ట్యూబు గుండ్రబడేంత గాలి మాత్రం పట్టించి, వాల్వును రంధ్రంలో కూర్చోబెట్టి, రెండో అంచును వాల్వుకు ఎదుటి పక్కన మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. చివరి జానెడు మొండికేస్తుంది. అప్పుడు లీవరు జోలికి పోవద్దు. ఎక్కించిన అంచును మళ్లీ పల్లంలోకి నొక్కుకుంటూ వచ్చి, అరచేతి కండతో దొర్లిస్తే టప్పున లోపలికి దూకుతుంది. వాల్వును ఒకసారి పైకి నొక్కి వదిలితే దాని మొదట్లో ఇరుక్కున్న అంచు సర్దుకుంటుంది. సగం గాలి కొట్టి చక్రం తిప్పి, రిమ్ము పక్కన టైరు చుట్టూ ఉండే సన్నని చార అంతటా ఒకే ఎత్తులో కనబడుతోందా అని చూడాలి. ఎక్కడైనా మునిగితే గాలి తీసి మళ్లీ సర్దాలి. ఆ తర్వాత పక్కగోడ మీద రాసిన హద్దు దాటకుండా 60, 65 పౌండ్ల దాకా గాలి.

మొదటిసారి తొక్కినప్పుడు తెలిసేది వేగం కాదు, చప్పుడు. గురగుర పోయి చిన్న సుయ్ మాత్రం మిగులుతుంది. చైను పలికేది వినబడుతుంది, మైనాలు వినబడతాయి, వెనక ఎంతో దూరాన గేరు మార్చిన టిప్పరు వినబడుతుంది. ఈ చివరిది ప్రాణానికి సంబంధించిన సంగతి. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పోయే ఈ దారి బీజాపూర్ రోడ్డు. 2025 నవంబరు 3 పొద్దున మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని ఎంతోమందిని పొట్టన పెట్టుకున్నది ఈ రోడ్డు మీదే. టైరూ, నువ్వు టిప్పరును ఆపలేవు. బ్రేకు పట్టినచోట నిలబడతావు, అంచు మీద గీత తప్పకుండా నడుస్తావు, వెనక వచ్చేదాన్ని విననిస్తావు. మిగతాది వెనక లైటూ, అద్దమూ, మన జాగ్రత్తా చూసుకోవాలి.

నిన్ను చూసి భయపడేవాళ్లకు ఒక మాట చెప్పాలి. గుండు టైరు వానలో జారుతుందని లారీలను చూసి అనుకుంటారు. నీటి మీద టైరు తేలిపోవడం వెడల్పాటి, బల్లపరుపు టైర్ల జబ్బు. నువ్వు సన్నగా, గుండ్రంగా, బిగుతుగా ఉండి నీటిని చీల్చుకుంటూ పోతావు. విమానాల టైర్ల మీద పరీక్షలు చేసి 1963లో నాసా ఒక లెక్క చెప్పింది: టైరులోని గాలి ఎన్ని పౌండ్లో దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే, అది నీటి మీద తేలే వేగం నాట్లలో వస్తుంది. 64 పౌండ్ల గాలికి 72 నాట్లు, గంటకు 133 కిలోమీటర్లు. పనికి పోయే మనిషి ఆ వేగాన్ని కలలో కూడా అందుకోడు. జాబ్‌స్ట్ బ్రాంట్ అనే కాలిఫోర్నియా ఇంజనీరు 1980లలో అవొసెట్ కంపెనీ నున్న టైర్ల వెనక నిలబడి ఈ సంగతే ఏళ్ల తరబడి వాదించాడు. ఆయన 2015లో పోయాడు. ఇప్పటికీ కొన్ని కంపెనీలు నీ ముఖాన నాలుగు సన్న గీతలు గీసి అమ్ముతున్నాయి. అవి కొనేవాళ్ల కంటికోసం.

వానలో జారేది ఎక్కడో కూడా చెప్పుకోవాలి కదా. తెల్లరంగు పట్టీల మీద, ఇనుప మూతల మీద ఏ టైరైనా జారుతుంది. మర్రిపండ్లు రాలి చితికిన చోట కూడా అంతే. ఇదే బీజాపూర్ రోడ్డును అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా నాలుగు వరుసలు చేయాలన్న ఆ 46 కిలోమీటర్లలో దాదాపు 900 మర్రిచెట్లున్నాయి, వాటికోసం జనం హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. ఎండాకాలం మధ్యాహ్నం సైకిలు మీద పోయేవాడికి ఆ చెట్ల విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. నీడలోకి జొరబడగానే వీపు మీద చల్లదనం తగులుతుంది. బస్సులోంచీ కారులోంచీ ఆ నీడ కంటికి కనబడుతుంది, అంతే.

నగరం దాకా పోయేవాళ్లకు పోలీసు అకాడమీ దగ్గర రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పు కింద సైకిలు దారి ఉంది. 2023 అక్టోబరు 1న తెరిచారు, రెండు పాయలూ కలిపి 23 కిలోమీటర్లు. ఒక పాయ నానక్‌రామ్‌గూడకు తీసుకుపోతుంది. నీకోసమే వేసినట్టుంటుంది ఆ దారి, దాని మీద నీ పరుగు చూడాలి!

నల్లరేగడి మాత్రం నీది కాదు. ముసురు పట్టినప్పుడు పొలాల మధ్య బండ్లబాటలో ఆ మట్టి నిన్ను చుట్టేసి బ్రేకు దాకా నిండుతుంది, చక్రం తిరగనే తిరగదు. దిగి నడిపించుకుంటూ పోవడమే మర్యాద. పల్లేరుకాయలూ నీకు శత్రువులే. గట్టు పక్కన ఆపినప్పుడల్లా చక్రం తిప్పి చూడాలి, గుచ్చుకున్న ముల్లును అప్పుడే పీకేస్తే ట్యూబు దాకా పోదు. లోపల ముల్లును ఆపే పొర ఉన్న రకం దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే కొనాలి. వారానికోసారి గాలి చూడాలి, బిగువు తగ్గిన నున్న టైరు నున్న టైరు కాదు.

విప్పిన బొడిపెల టైర్లను పారేయొద్దు. తుడిచి, ఎండ తగలని చోట మేకుకు తగిలించండి. వానలు వెనకబట్టాక, మూసీ పుట్టిన అనంతగిరి అడవి బాటల్లో తిరగాలనిపిస్తే అవే కావాలి. శనివారం సాయంత్రం మార్చుకుని, ఆదివారం పోయివచ్చి, రాత్రికి మళ్లీ నున్నటివి ఎక్కించుకుంటే సరి, సోమవారం పొద్దున డ్యూటీ ఉంటుంది.