అవర్ మీటర్ చెప్పని లెక్క

జంషెడ్‌పూర్‌లో మట్టి తవ్వే పాత బ్యాక్‌హో ఉన్నవాడికి సలహాలకి లోటుండదు. మాంగో వంతెన దాటేలోపు నలుగురు తుక్కుకి అమ్మేయమంటారు. ఇంకో నలుగురు ఆదిత్యపూర్‌లో ఫలానా మిస్త్రీ ఉన్నాడంటూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తారు. టెల్కో కంపెనీ ఇక్కడ 1945లో రైలింజన్ల కోసం మొదలై, 1961 నుంచి ఎక్స్‌కవేటర్లు కూడా చేసింది. 1984లో హిటాచీతో చేతులు కలిపింది. ఆ షాపుల్లో రిటైరైనవాళ్ళు, వాళ్ళ దగ్గర పని నేర్చినవాళ్ళు ఊరంతా ఉన్నారు. కాబట్టి బాగుచేయించడం కుదురుతుందా అని ఇక్కడ ఎవరూ అడగరు. కుదురుతుంది. గిట్టుతుందా అన్నదే తేలదు.

మొన్నామధ్య వరసకి బావ అయ్యే కాంట్రాక్టరు తన పాత బండి చూడమని పిలిచాడు. శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో ఉక్కు మిల్లు పనికొచ్చిన కుటుంబం. ఇప్పుడు మట్టి పని, అద్దె బండ్లు.

"ఇంజిన్ విను బావా, గంట కొట్టినట్టుంది."

"ఇంజిన్ సంగతి తర్వాత. కింద దూరి చాసిస్ చూశావా?"

చూడలేదు. ఎవరూ చూడరు. చెవికి తెలిసేది ఇంజినొక్కటే కాబట్టి బేరమంతా దాని చుట్టూ తిరుగుతుంది. నిజానికి ఇంజిన్ చెడితే స్లీవులు, పిస్టన్లు మార్చుకోవచ్చు, కాదంటే ఇంకో ఇంజినే దించుకోవచ్చు. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పున తన్నుతోందా లేదా అన్నది పిల్లాడైనా చెప్తాడు.

చూడాల్సింది వెనక చెయ్యి చాసిస్‌ని పట్టుకునే చోటు. బూమ్ అటూ ఇటూ తిరిగే కింగ్‌పోస్టు అక్కడే ఉంటుంది. తవ్వకం బరువంతా వచ్చి ఆ పిన్నుల మీదే పడుతుంది. బకెట్‌ని నేలకి కాస్త ఎత్తులో నిలిపి పక్కకి ఊపితే, పిన్ను బుష్షులో ఎంత ఆడుతోందో చేతికే తెలుస్తుంది. పిన్ను, బుష్షు అరిగితే చవక బేరం. గ్రీజు పెట్టకుండా నడిపి, బుష్షు పోయాక ఇనుములో రంధ్రమే కోలగా సాగిపోతే లైన్ బోరింగ్ కావాలి: వెల్డింగుతో నింపి, మళ్ళీ గుండ్రంగా తొలిచి, కొత్త బుష్షు దిగ్గొట్టాలి. ఆదిత్యపూర్ లేతుల మీద పిన్ను గంటలో తయారవుతుంది, కానీ హార్డెనింగ్ చేయించారా అని అడగాలి. చేయించని పిన్ను చూడ్డానికి మెరుస్తూనే ఉంటుంది, అరగడానికి ఎక్కువ రోజులు పట్టదు.

చాసిస్‌లో పగులుంటే మాత్రం నేను లేచి టీ తాగడానికి వెళ్ళిపోతాను. ముఖ్యంగా పాత వెల్డింగు పక్కనే కొత్త పగులు కనిపిస్తే. బండి పాతది, పసుపు రంగు కొత్తది అయితే ఆ రంగు కిందే చూడాలి.

రెండో పరీక్షకి ఓపిక కావాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏ హైడ్రాలిక్ పంపు అయినా బాగానే పనిచేస్తుంది. గంటసేపు గట్టిగా తవ్వించి, ఆయిల్ వేడెక్కి పల్చబడ్డాక చూస్తే అరిగిన పంపు నీరసపడి దొరికిపోతుంది. తర్వాత చెయ్యి ఎత్తి, ఇంజిన్ ఆపేసి, బకెట్ ఎంత వేగంగా కిందికి జారుతోందో చూడాలి. జారుతుంటే రాడ్డు కూడా చూడాలి: సీల్ కిట్‌తో పోయేదో, క్రోమ్ లేచిపోయి ఖర్చు పెరిగేదో అప్పుడు తేలుతుంది. గేర్‌బాక్సుకైతే ఫిల్టర్ కోసి చూడ్డమే. ఇత్తడి, ఇనుప రజను తళుక్కుమంటే డబ్బు సిద్ధం చేసుకోవాలి.

ఈ ఊళ్ళోనే బర్మామైన్స్‌లో నేషనల్ మెటలర్జికల్ లాబొరేటరీ ఉంది, 1950 నుంచి. బాయిలర్ గొట్టాలలాంటి వాటిలో ఇంకా ఎంత ఆయుష్షు మిగిలిందో అక్కడి శాస్త్రవేత్తలు అంచనా కడతారు. మన అద్దె బండికి అంత వైభోగం లేదు. నడిచిన గంటలు లెక్కపెట్టే దాని అవర్ మీటరేమో ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. కానీ అడగాల్సిన ప్రశ్న అదే: ఇంకా ఎంత ఆయుష్షు మిగిలింది? రిపేరుకి నాలుగు లక్షలవుతాయి అనుకుందాం. ఆ తర్వాత బండి రెండు వేల గంటలు నడిస్తే గంటకి రెండు వందలు పడినట్టు. ఐదు వందల గంటలకే ఇంకోటి విరిగితే గంటకి ఎనిమిది వందలు. మిస్త్రీ ఎస్టిమేట్‌లో మొదటి అంకె ఒక్కటే ఉంటుంది. రెండోది ఓనరు వెయ్యాలి. షెడ్డులో పడున్న రోజుల అద్దె కూడా అందులో కలపాలి.

బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇటుకల పొర అరిగితే ఫర్నేస్‌ని పడగొట్టరు, షెల్లు గట్టిగా ఉంటే రీలైనింగ్ చేస్తారు. ఆ పని చూస్తూ పెరిగిన ఊరు బ్యాక్‌హోని త్వరగా వదులుకోకపోవడం నాకు నచ్చుతుంది. పైగా 2021 ఏప్రిల్ నుంచి స్టేజ్ 4, 2025 జనవరి నుంచి స్టేజ్ 5 ఉద్గార నిబంధనలు ఇలాంటి కొత్త యంత్రాలకి వచ్చాయి. ఇంజిన్లో ఎలక్ట్రానిక్స్ పెరిగాయి, స్పానర్ ఒక్కటే పట్టుకొచ్చే మిస్త్రీకి అది అందదు. పాత మెకానికల్ పంపు ఇంజిన్‌కి ఆ గొడవ లేదు. అయితే దాని పొగ పీల్చేది పక్కన పార పట్టిన కూలీ అన్నది కూడా ఈ లెక్కలో రాసుకోవాలి.

బావ బండి చాసిస్ గట్టిగానే ఉంది. కింగ్‌పోస్టుకి లైన్ బోరింగ్, పంపు రీబిల్డ్, రెండు సిలిండర్లకి సీల్ కిట్లు చాలన్నాను. మిస్త్రీ చీటీలో మొదటి వరసలోనే రాసిన ఇంజిన్ ఓవర్‌హాల్‌ని కొట్టేశాం. గేర్‌బాక్స్ ఫిల్టర్‌లో కాస్త రజను కనిపించింది. దాన్ని వానాకాలంలో విప్పుదామనుకున్నాం. అప్పుడు మట్టి పనులు ఎలాగూ ఆగుతాయి, అద్దె నష్టం ఉండదు.