మా సరిహద్దు సీఐడీలు

శాంతిపురంలో ఉంటూ పాత అపరాధ సినిమాల పిచ్చి పట్టినవాడికి ఒక్క తెలుగు చాలదు. కుప్పం అవతల ఒక పక్క తమిళం, ఇంకో పక్క కన్నడం. అందుకే మాకు గూఢచారులు కూడా ముగ్గురు. 1966లో కృష్ణ ‘గూఢచారి 116’. 1968లో అదే కథతో ఎం.జి.ఆర్. ‘రహస్య పోలీస్ 115’. ఆ ఏడే కన్నడంలో ‘జేడర బలె’, అందులో రాజ్‌కుమార్ సీఐడీ 999. తెలుగుకీ తమిళానికీ నంబరులో ఒకటే తేడా. కథానాయిక రెండింట్లోనూ జయలలితే! మధ్యలో, 1967లో, ఈ కథ హిందీకి పోయి ‘ఫర్జ్’ అయింది, జితేంద్రని నిలబెట్టింది.

ఎం.జి.ఆర్. సినిమా రంగుల్లో దర్జాగా ఉంటుంది. నాకు మాత్రం నలుపు తెలుపు కృష్ణే ఇష్టం. ఆ రోజుల చవక సినిమాల్లో డబ్బుకి ఎక్కడ కటకట వచ్చిందో పట్టుకోవడమే నాకు సరదా. విలన్ రహస్య స్థావరమంటే గోడకి నాలుగు బల్బులు, ఒక మీట. సెట్టు వేసే స్తోమత లేకపోతే చీకటి చేసేస్తారు. మొహం మీద ఒక్క లైటు పడుతుంది, వెనక గోడ ఉందో లేదో ఎవరికీ పట్టదు. భయం మాత్రం నిజంగానే వేస్తుంది. వీధిలో తీస్తే జూనియర్ ఆర్టిస్టులకి డబ్బులుండవు, దారినపోయే జనమే ఆగి కెమెరా వైపు చూస్తుంటారు. నేను హీరోని వదిలేసి వాళ్ళనే చూస్తా.

నన్నడిగితే, కె.ఎస్.ఆర్. దాస్ తీసిన ‘రౌడీ రాణి’ (1970) ముందు ఈ గూఢచారులందరూ దిగదుడుపే. క్లబ్బు డాన్సుల విజయలలిత చేతికి తుపాకి ఇచ్చి, సినిమా మొత్తం ఆమె మీదే నడిపించాడు. పెద్ద హీరోని పెట్టుకుని, పెద్ద పెట్టుబడితో తీసే సినిమాలో ఆ వేషం ఆమెకి ఎవరిస్తారు? 1972లో ఆమెతోనే హిందీలో ‘రాణీ మేరా నామ్’ కూడా తీశాడు. అందరూ మాట్లాడేది మాత్రం మధ్యలో 1971లో కృష్ణతో ఆయన తీసిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ గురించే. గుర్రాలు, ఎడారి, రంగులు మరి.

దాస్ తరవాత కన్నడానికీ వెళ్ళాడు. 1975లో విష్ణువర్ధన్, ద్వారకీశ్‌లతో ‘కళ్ళ కుళ్ళ’ చేశాడు. ఈ ఆదివారం అదే పెడుతున్నా. మా వీధిలో కన్నడం వచ్చినవాళ్ళకి కొదవ లేదు కాబట్టి ఈసారి తోడు దొరుకుతుంది. ‘రౌడీ రాణి’ ఒక్కణ్ణే చూడాల్సి వచ్చింది.